బాహానగా రైలు ప్రమాదం: ఆ మూడు రోజుల్లో మనం విన్నవి, తర్వాత తేలినవి

మొన్న ఆదివారం మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి మళ్లీ ఆ ఫొటో వచ్చింది. ఒక స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న రైల్వే ఉద్యోగి ఫొటో. కింద 'బాలాసోర్ ప్రమాదానికి కారకుడు ఇతడే, పరారీలో ఉన్నాడు' అని, ఒక ముస్లిం పేరు. 2023 జూన్‌లో తిరిగినదే. కొత్తగా చేరిన కుర్రాడు ఎవరో పంపాడు. నేను వెంటనే తీయించేశాను. ఆ సాయంత్రం ముగ్గురు సభ్యులు ఫోన్ చేసి, ఎందుకు తీయించారు, అందులో అబద్ధం ఏముంది అని అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ తెలుస్తుందని ఇది రాస్తున్నాను. పైగా ఈ ఫొటో విషయంలో నేను తీర్చుకోవలసిన బాకీ కూడా ఒకటి ఉంది. అది తర్వాత చెబుతాను.

ముందు జరిగినది. 2023 జూన్ 2, శుక్రవారం, రాత్రి 7 గంటలు కావస్తోంది. ఒడిశా బాలాసోర్ జిల్లాలో బాహానగా బజార్ అనే చిన్న స్టేషన్. శాలిమార్ నుంచి చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు. మెయిన్ లైన్ మీద నేరుగా వెళ్లిపోవాలి. సిగ్నల్ పచ్చగానే ఉంది. కానీ బండి పక్కనున్న లూప్ లైన్‌లోకి మళ్లి, అక్కడ నిలిపి ఉంచిన ఇనుప ఖనిజం గూడ్సును గంటకు 128 కిలోమీటర్ల వేగంతో గుద్దింది. ఖనిజంతో నిండిన గూడ్సు కదలలేదు. దెబ్బంతా కోరమాండల్ పెట్టెలే తిన్నాయి. పట్టాలు తప్పి చెల్లాచెదురుగా పడిన వాటిలో కొన్ని పక్క లైను మీదికి వెళ్లాయి. సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి హావ్‌డా వెళ్లే సూపర్‌ఫాస్ట్ ఆ లైను మీద దాటిపోతోంది. దాని చివరి పెట్టెలకు ఇవి తగిలాయి.

కోరమాండల్ మాకు పరాయి బండి కాదు. రాత్రి పొద్దుపోయాక మా బరంపురంలో ఆగుతుంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ, చెన్నై ఎక్కడికి వెళ్లాలన్నా ముందు దానిలో బెర్తు దొరుకుతుందేమో చూస్తాం. ఆ రాత్రి సంఘం ఫోను ఆగకుండా మోగింది. ఒకరి అల్లుడు ఖరగ్‌పూర్‌లో ఎక్కాడు, ఫోన్ స్విచాఫ్ వస్తోంది. ఇంకొకరి చెల్లెలు బెంగళూరు బండిలో ఉంది. దేవుడి దయవల్ల మా సంఘానికి తెలిసినవారంతా క్షేమం. అల్లుడు గారైతే బండి తప్పిపోయి ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. ఆ సంగతి తెలిసేసరికి తెల్లవారింది.

ఆ తెల్లవారుజాము నుంచే ఫోన్లలోకి వార్తలు మొదలయ్యాయి. మంచి వార్తలు కూడా వచ్చాయి, అవి ముందు చెప్పుకోవాలి. సహాయ బృందాలు రాకముందే చుట్టుపక్కల గ్రామాలవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని పెట్టెలలోంచి మనుషులను లాగారు. బాలాసోర్, భద్రక్, కటక్ ఆస్పత్రుల ముందు రక్తం ఇవ్వడానికి కుర్రవాళ్లు అర్ధరాత్రి వరస కట్టారు. ఎవరూ పిలవలేదు. ఎవరి రక్తం ఏ భాషవాడికి వెళ్తుందో ఎవరూ అడగలేదు. హావ్‌డా వైపు ఒక తండ్రి, కొడుకు చనిపోయాడంటే నమ్మక అంబులెన్సు కట్టించుకుని వచ్చి, శవాల మధ్య ప్రాణంతో ఉన్న కొడుకును కనుక్కుని తీసుకుపోయాడు. పట్టాల మీద చెదిరిపడిన ఒక నోటు పుస్తకంలో ఎవరో బెంగాలీలో రాసుకున్న ప్రేమ కవితలు, బొమ్మలు ఉన్నాయి. ఆ కాగితాల ఫొటోలు దేశమంతా తిరిగాయి. అది చూసి మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

రెండో రకం వార్తలు కూడా వెంటనే మొదలయ్యాయి. డ్రోన్ నుంచి తీసిన ప్రమాదస్థలం ఫొటోలో పట్టాలకు కాస్త దూరంలో ఒక తెల్లటి కట్టడం కనబడుతుంది. ఎవరో దానికి బాణం గుర్తు పెట్టి, అది మసీదు అన్నట్టు, 'నిన్న శుక్రవారం' అని ఒక్క ముక్క రాసి వదిలారు. పూర్తి వాక్యం కూడా లేదు, మిగతాది చదివేవాడే పూరించుకున్నాడు. తర్వాత విలేకరులు వెళ్లి చూస్తే అది బాహానగా ఇస్కాన్ గుడి. రెండు రోజుల్లోనే ఒడిశా పోలీసులు, ఈ ప్రమాదానికి మతం రంగు పులిమే పుకార్లు పుట్టించేవారిపై చర్య తీసుకుంటామని బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది.

స్టేషన్ మాస్టర్ ఫొటో దీని వెనకాలే వచ్చింది. దాని కథ మన తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఆ పేరుగల స్టేషన్ మాస్టర్ బాహానగాలో లేడని రైల్వే అధికారులే చెప్పారు. మరి ఫొటోలో ఉన్నది ఎవరు? నిజనిర్ధారణ చేసేవాళ్లు వెతికితే, రైలు ప్రయాణాల గురించి రాసుకునే ఒకాయన కొత్తవలస–కిరండూల్ లైను మీద తిరిగి 2004లో పెట్టిన ఫొటో అని తేలింది. అరకు దారిలో ఉండే మన బొర్రా గుహలు స్టేషన్‌లో తీసినది. ఎప్పుడో డ్యూటీలో ఉండి, ఒక యాత్రికుడు అడిగితే ఫొటోకు నిలబడిన ఉద్యోగి, 19 ఏళ్ల తర్వాత వందలమంది చావుకు కారకుడైపోయాడు.

ఇప్పుడు నా బాకీ. 2023 జూన్ 4న ఆ ఫొటోను సంఘం గ్రూపులో పెట్టినవాణ్ని నేనే. నాకు ఎవరో పంపారు, కోపంలో ఉన్నాను, పంపేశాను. మన సంఘంలో పాతికేళ్లుగా సభ్యుడైన ఒక దర్జీ మాస్టారు ఉన్నారు. ముస్లిం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన ఉగాది పచ్చడి ఆయన ఇంటికి వెళ్తుంది, ఆయన రంజాన్ సేమ్యా మన ఇళ్లకు వస్తుంది. ఆయన గ్రూపులో ఏమీ అనలేదు. మర్నాడు మా ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, "కార్యదర్శి గారూ, మా అబ్బాయి కూడా రైల్వేలోనే చేస్తున్నాడు. మీరు పంపిన దాన్ని వాడి క్వార్టర్సులో పక్కింటివాళ్లు వాడికే చూపించారట" అన్నారు. లోపలికి రండి అంటే రాలేదు. ఫొటో అబద్ధమని నాకు తెలిసింది ఆ తర్వాత రెండు రోజులకు. ఆయన ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను, గ్రూపులోనూ రాశాను. ఆయన మంచివారు, టీ ఇప్పించారు. కానీ నేను పంపినది ఎన్ని ఫోన్లలోకి పోయిందో, దాన్ని వెనక్కి తెచ్చే దారి ఏదీ నాకు దొరకలేదు.

ఇక అసలు కారణం. ఇది ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు, ఎందుకంటే చదవడానికి విసుగ్గా ఉంటుంది. నేను జీవితమంతా గుమాస్తా పని చేసినవాణ్ని కాబట్టి నాకు విసుగు రాలేదు.

పట్టాలు రెండుగా చీలే చోట కదిలే భాగాన్ని పాయింటు అంటారు. అది ఎటు జరిగి ఉంటే బండి అటు పోతుంది. సిగ్నలుకూ పాయింటుకూ మధ్య తాళంలాంటి ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఇంటర్‌లాకింగ్ అంటారు. పాయింటు లూప్ లైను వైపు ఉన్నంతసేపు, మెయిన్ లైనులో నేరుగా వెళ్లమని పచ్చదీపం వెలగడానికి ఆ తాళం ఒప్పుకోకూడదు. స్టేషన్ మాస్టర్ పొరపాటున మీట నొక్కినా ఒప్పుకోకూడదు. బాహానగాలో పాయింటు లూప్ లైను వైపే ఉంది. కానీ అది మెయిన్ లైను వైపు ఉన్నట్టు తాళానికి తప్పుడు సమాచారం వెళ్లింది. అందుకే పచ్చదీపం వెలిగింది. బోర్డు మీద చూసేవాళ్లకు అంతా సరిగ్గానే కనబడింది. డ్రైవరు వేగం మీరలేదని, పచ్చ సిగ్నల్ చూసే వెళ్లాడని రైల్వే బోర్డు జూన్ 4నే చెప్పింది.

తప్పుడు సమాచారం ఎలా వెళ్లింది? రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలినది, జూలైలో రైల్వే మంత్రి రాజ్యసభకు రాతపూర్వకంగా చెప్పినది ఇది: స్టేషన్ ఉత్తరం వైపు సిగ్నల్ గదిలో గతంలో చేసిన సర్క్యూట్ మార్పులో లోపాలున్నాయి. దానికి తోడు ప్రమాదానికి ముందు 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటుకు విద్యుత్ బ్యారియర్ మార్చే పనిలో లోపాలు జరిగాయి. ఆ గతం 2018. అప్పటి నుంచి అక్కడి పెట్టెలో తీగల మీద చీటీలు ఒకటి చెబుతుంటే, తీగలు చేసే పని ఇంకొకటి. అయిదేళ్లు ఎవరూ పట్టుకోలేదు. ఆ చీటీలను నమ్మి 2023లో పని చేశారు.

మా ఆఫీసులో ఒకసారి బీరువాలు మార్చారు. ఫైళ్లు మారాయి, అరల మీద అంటించిన చీటీలు మారలేదు. ఒక విధవరాలి పెన్షన్ కాగితాలు నాలుగు నెలలు దొరకలేదు. అందరం వెతికాం, చీటీ చెప్పిన చోటే వెతికాం. చీటీ తప్పు అని ఎవరికీ తట్టలేదు. మా తప్పుకు ఆ తల్లి నాలుగు నెలలు ఇబ్బంది పడింది. బాహానగాలో అదే రకం తప్పు మీదుగా 128 కిలోమీటర్ల వేగంతో బండి వచ్చింది.

తర్వాత సీబీఐ ముగ్గురిని 2023 జూలైలో అరెస్టు చేసింది. ముగ్గురూ సిగ్నల్ విభాగంవాళ్లు. 79వ గేటుకు చెందిన సర్క్యూట్ పటం చూసి 94వ గేటు దగ్గర పని చేశారన్నది సీబీఐ ఆరోపణ. రుజువు చేయడం, చేయకపోవడం కోర్టు చూసుకుంటుంది. నాకు బాధ కలిగించేది వేరే. అదే ఏడాది ఫిబ్రవరి 8న కర్ణాటకలో హొసదుర్గ రోడ్ స్టేషన్ దగ్గర ఒక సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కు సరిగ్గా ఇలాంటిదే ఎదురైంది. సిగ్నల్ ఒకటి చెప్పింది, పాయింటు ఇంకోవైపు ఉంది. డ్రైవరు గమనించి బండి ఆపేశాడు. వ్యవస్థలో తీవ్రమైన లోపం ఉందని అక్కడి ఉన్నతాధికారి ఒకరు మర్నాడే ఉత్తరం రాశారు. బాహానగా తర్వాత ఆ ఉత్తరం పేపర్లలో వచ్చింది. ఒక్క రోజు వచ్చింది. మసీదు పుకారు ఇంకా వస్తూనే ఉంది.

కవచ్ సంగతి కూడా చాలామంది అడిగారు. కవచ్ అంటే బండ్లు గుద్దుకోకుండా తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు. దక్షిణ మధ్య రైల్వేలోనే ఎక్కువగా పరీక్షించారు. 2022 మార్చిలో రైల్వే మంత్రి సికింద్రాబాద్ డివిజన్‌లో ఇంజనెక్కి చూపించిన ఫొటోలు గుర్తుండే ఉంటాయి. ప్రమాదం జరిగిన లైనులో అది లేదు. అది ఉంటే ఇంతమంది చనిపోయేవారు కాదని ప్రతిపక్షం అంది. ఉన్నా ఈ ప్రమాదాన్ని ఆపలేకపోయేదని రైల్వే అంది. టీవీల్లో మూడు రోజులు ఇదే గొడవ. నా మట్టుకు నాకు, తాళానికే తప్పుడు సమాచారం వెళ్తున్నప్పుడు ముందు ఆ చీటీలు సరిచేయాలి కదా అనిపించింది. అలాగని ఆ లైనులో కవచ్ ఎందుకు లేదన్న ప్రశ్న మాయమైపోదు.

రాజీనామా మాట కూడా రాక తప్పదు. ప్రతి ప్రమాదం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు వస్తుంది. అందులో మన ప్రాంతం భాగం చాలామందికి తెలియదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా చనిపోయినప్పుడు ఆయన రాజీనామా ఇచ్చారు, నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడు అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చారు, అప్పుడు ఒప్పుకున్నారు.

మృతుల లెక్క మీద జరిగినంత గొడవ దేని మీదా జరగలేదు. ముందు 288 అన్నారు. జూన్ 4న 275 అన్నారు. రెండు రోజుల తర్వాత మళ్లీ 288 అన్నారు. చివరికి 290 దాటింది. 'దాచిపెడుతున్నారు, వేలమంది పోయారు' అని మన గ్రూపులోనే రాశారు. 275కు ఎందుకు దిగింది? కొన్ని శవాలను ప్రమాదస్థలంలో ఒకసారి, ఆస్పత్రిలో ఒకసారి లెక్కపెట్టామని ఒడిశా ప్రధాన కార్యదర్శి చెప్పారు. తర్వాత ఎందుకు పెరిగింది? అన్ని చోట్ల లెక్కలూ సరిచూసుకున్నారు, చికిత్సలో ఉన్నవారు కొందరు పోయారు. లెక్కలు రాసినవాడిగా చెబుతున్నాను, దిద్దుబాటు ఉన్న లెక్క అంటే అంతా దొంగ లెక్క అని కాదు. అనుమానానికి అసలు చోటు జనరల్ పెట్టెలు. అందులో ఎక్కినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. రిజర్వేషన్ లేకుండా చెన్నైకి కూలికి వెళ్లే బెంగాల్, ఒడిశా, బిహార్ కుర్రవాళ్లు వాటిలోనే ఎక్కుతారు. అందుకే పేర్లు దొరకని శవాలు అన్ని మిగిలాయి. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో నాలుగు నెలలు దాచి, డీఎన్‌ఏ పరీక్షలు చేసి, ఎవరూ రాని 28 మందికి అక్టోబరులో భువనేశ్వర్‌లోనే దహనం చేశారు. స్వచ్ఛందంగా వచ్చిన కొందరు మహిళలు చితి వెలిగించారు. ఆ వార్త లోపలి పేజీలో వచ్చింది.

ఈ లెక్కలోనే మన సంగతి ఒకటి ఉంది. ఆ మూడు రోజులు తెలుగు చానళ్ల కింద గీతలో 'మృతుల్లో తెలుగువారు ఎందరు' అనే పరుగెత్తింది. తప్పు కాదు, తమిళ చానల్ తమిళుల గురించి అడిగింది, బెంగాలీ చానల్ బెంగాలీల గురించి అడిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మంత్రినీ అధికారులనూ పంపి బాగా పని చేసింది. కానీ వాళ్ల జాబితా విశాఖ, రాజమండ్రి, విజయవాడల్లాంటి ఆంధ్ర స్టేషన్లలో ఎక్కే, దిగే ప్రయాణికులది. బరంపురంలో ఎక్కే తెలుగువాడు ఆ జాబితాలో ఉండడు. ఒడిశా లెక్కలో ఒడిశావాడిగా ఉంటాడు. నిజానికి ఆంధ్ర లెక్కలోకి వచ్చిన మృతుడు శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి బాలాసోర్‌లో స్థిరపడిన మనిషి. ఊరి చిరునామా ఉంది కాబట్టి వచ్చాడు. మా తాతలు మూడు తరాల కిందట వచ్చారు. మాకు అక్కడ చిరునామా లేదు. ఇది ఫిర్యాదు కాదు, ఎక్కడ ఫోన్ చేయాలో ముందే తెలిసి ఉండాలని చెబుతున్నాను.

బాహానగాలో పుకార్లు తర్వాత కూడా ఆగలేదు. వారం గడిచాక పడి ఉన్న పెట్టెలోంచి వాసన వస్తోందని, లోపల ఇంకా శవాలున్నాయని ఊరివాళ్లు ఆందోళన పడ్డారు. వెతికితే పార్సిల్‌లో వెళ్తున్న కోడిగుడ్లు కుళ్లిన వాసన అని రైల్వే చెప్పింది. శవాలను ముందు ఉంచిన ఊరి హైస్కూలుకు పిల్లలు రామన్నారు, తల్లిదండ్రులు పంపమన్నారు. చివరికి జూన్ 9న ఆ పాత భవనాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. దీన్ని మూఢనమ్మకమని టీవీలో ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ తరగతి గదుల్లో పరిచిన శవాలను చూసిన పిల్లలకు ఎగతాళి చేసేవాళ్లు ఏం చెబుతారో నాకు తెలియదు.

ఇదంతా ఒక్క బాహానగాకే కాదు. 2017 జనవరిలో కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 40 మంది పోయినప్పుడు, కారణం తేలకముందే విద్రోహమనే మాట వచ్చింది. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజర్ ముందున్న పలాస ప్యాసింజర్‌ను గుద్ది 14 మంది పోయారు. రాయగడ బండి అంటే అక్కడి మన తెలుగువాళ్ల బండి. డ్రైవరు, సహాయకుడు ఫోన్లో క్రికెట్ చూస్తూ నడిపారని 2024 మార్చిలో రైల్వే మంత్రే చెప్పారు. దేశమంతా తిట్టింది. వాళ్లిద్దరూ అప్పటికే ఆ ప్రమాదంలో చనిపోయారు, జవాబు చెప్పలేరు. కొన్ని నెలల తర్వాత విచారణ నివేదికలో వాళ్ల ఫోన్లు స్విచాఫ్‌లో ఉన్నట్టు ఉందని పత్రికల్లో వచ్చింది. చెడిపోయిన సిగ్నళ్ల దగ్గర ఆగవలసినట్టు ఆగలేదన్న తప్పు ఉండవచ్చు, అది వేరే. క్రికెట్ మాట మాత్రం ఇప్పటికీ మనవాళ్ల నోట వింటున్నాను.

డబ్బు గురించి సభ్యులు అడుగుతారు కాబట్టి అదీ రాస్తాను. బాహానగాలో మృతుల కుటుంబాలకు రైల్వే 10 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 2 లక్షలు, స్వల్ప గాయాలకు 50 వేలు ప్రకటించింది. ఇది అప్పటికప్పుడు ఇచ్చే సాయం. చట్టప్రకారం రావలసిన పరిహారం వేరే, మరణానికి 8 లక్షలు. దానికి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. మనకు భువనేశ్వర్‌లో బెంచి ఉంది. ఎవరి తప్పో మనం రుజువు చేయనక్కరలేదు. సాయం అందిందని దరఖాస్తు మానేయకండి. ఆన్‌లైన్లో టికెట్ తీసేటప్పుడు కొన్ని పైసలకు వచ్చే బీమా గడికి టిక్ పెట్టండి, నామినీ పేరు నింపండి. చాలామంది టిక్ పెట్టి నామినీ వదిలేస్తారు.

గత కమిటీ సమావేశంలో ఒక రిజిస్టరు పెట్టాం. దూరప్రయాణం చేసే సభ్యులు, ముఖ్యంగా జనరల్ పెట్టెలో వెళ్లేవాళ్లు, బండి నంబరు, ఎక్కే స్టేషన్, ఇంటి ఫోన్ నంబరు అందులో రాయించవచ్చు. ఫోన్లో చెప్పినా నేనే రాస్తాను. ప్రమాదవార్త వస్తే ముందు 139కి, తర్వాత సంఘానికి చేయండి. మొదటి మూడు రోజులు గ్రూపులో ఫొటోలు పెట్టడం ఆపేశాం, హెల్ప్‌లైన్ నంబర్లు, ఆస్పత్రుల పేర్లు, రక్తం అవసరం మాత్రమే ఉంటాయి. ఈ తీర్మానం ప్రతిపాదించినది దర్జీ మాస్టారు. బలపరిచినది నేను. రిజిస్టరు సాయంత్రం 5 నుంచి 8 వరకు సంఘం గదిలో బల్ల మీద ఉంటుంది.